చెత్తను కళ చేసిన చేతికి పేరేదీ?

ఊళ్లో గొడ్డు చస్తే వాడకు కబురొస్తది. ఆ గొడ్డును ఈడ్చుకొచ్చి తోలు తీసి, లందలో సున్నం పెట్టి నానేసి, వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క, కరక్కాయ రసంలో ఊరేసి మెత్తని తోలు చేసినోళ్లు మనోళ్లు. ఊరు పారేసిన శవంతో ఊరికే చెప్పులు కుట్టారు, మోటబొక్కెన కుట్టారు. కుళ్లిపోయే దాన్ని కుళ్లకుండా ఆపడం చిన్న చదువు కాదు. కంచ ఐలయ్య 2009లో అచ్చయిన తన ఇంగ్లీషు పుస్తకంలో మాదిగల్ని శాస్త్రజ్ఞులన్నాడు. ఊరు మాత్రం అంటరానోళ్లన్నది.

ఇవాళ పట్నాల్లో పర్యావరణ కళ అనే మాట వినబడుతున్నది. పారేసిన టైర్లు, ప్లాస్టిక్కు, పాతగుడ్డలతో బొమ్మలు, సంచులు, కుర్చీలు చేసి అద్దాల గదుల్లో పెడుతున్నారు. మంచిదే, భూమ్మీద చెత్త తగ్గితే అందరికీ మేలే. కానీ పాత చీరలతో బొంత కుట్టిన మన అమ్మను, అరిగిన టైరు కోసి చెప్పులు కుట్టిన మన తాతను ఏనాడైనా ఎవరైనా కళాకారులన్నారా? మనం చేస్తే కులవృత్తి, పెద్దోళ్లు చేస్తే కళ. ఇదెక్కడి న్యాయం?

ఈ లెక్కను తిరగేసిన పని ఒకటి ముంబైలో జరిగింది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఎద్దుల వధను కూడా నిషేధించింది. ధారావిలో తోలుపని మీద బతికే దళితుల నోట్లో మట్టి పడింది. ఆ దెబ్బ తర్వాత సుధీర్ రాజ్‌భర్ అనే చిత్రకారుడు అక్కడి పనివాళ్లతో కలిసి, తోలు బదులు పారేసిన టైర్ల, ట్యూబుల రబ్బరుతో సంచులు కుట్టించాడు. దానికి 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టాడు. చమార్ అని అవమానించడం అట్రాసిటీ చట్టం కింద నేరమని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తిట్టునే తలెత్తుకునే పేరు చేశారు. ఆ పనితనం 2024లో అమెరికాలోని డిజైన్ మయామీ ప్రదర్శన దాకా పోయింది. రబ్బరు మారినా, కోసే కన్ను, కుట్టే చెయ్యి తాతలవే.

అట్లని మురిసిపోయి కూచుంటే మోసపోతాం. చచ్చిన గొడ్లను మోయడం మానమని 1927లో మహద్‌లోనే బాబాసాహెబ్ పిలుపిచ్చాడు. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను చావబాదితే, అక్కడి దళితులు గొడ్ల శవాల్ని తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందర పడేశారు. మీ తల్లిని మీరే మోసుకోండన్నారు. ఆ తిరుగుబాటు మనది. ఆరె, రంపె పట్టిన పనితనం కూడా మనదే. పనితనాన్ని ఉంచుకుందాం, కులం పెట్టిన బలవంతాన్ని తెంపేద్దాం. మాదిగ బిడ్డ కనుక చెప్పులే కుట్టాలనే మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు. బడి మాన్పించి ఏ పనీ నేర్పొద్దు.

సంఘాల కార్యకర్తలారా! రేపు మన వాడకు కూడా కంపెనీవాడో, సంస్థవాడో కెమెరా పట్టుకొని వస్తాడు. పాతపని చూపించమంటాడు. చూపించేముందు నాలుగు మాటలడగండి. వస్తువు మీద ఎవరి పేరుంటది? రోజుకూలి ఎంత, అమ్మినంక వచ్చే లాభంలో వాటా ఎంత? చెత్త ఏరే అక్కకు చేతులకు తొడుగులిస్తారా? ఇదంతా కాగితం మీద రాసిస్తారా? రాసివ్వకపోతే వచ్చిన తొవ్వనే పొమ్మనండి.

ఈలోపు మనం చేసుకోవాల్సిన పనీ ఉంది. వాడల్లో తోలు ఊనడం, డప్పు కట్టడం, చాప అల్లడం, బొంత కుట్టడం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూచొని పేరు, పని, పద్ధతి నోటుబుక్కులో రాయండి. వాళ్లు పోతే ఆ చదువు పోతది. రేపు దాన్ని ఎవడో కొత్తగా కనిపెట్టానని మనకే అమ్ముతాడు.

జై భీం!