పుస్తకాల గూడు: లైబ్రరీవారు పంపిన జాబితా

హోసూరులోని మన సభ్యుల అమ్మాయి ఒకతె కోయంబత్తూరులో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుతున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తమ కళాశాల లైబ్రరీవారు విద్యార్థుల ఫోన్లకు పంపిన జాబితా నొకదానిని మాకు చూపించింది. రెండే పుటలు. మొదటిదానిలో ఈ సెమిస్టరులో చదవదగిన పుస్తకాలు పన్నెండు, ఒక్కొక్కదాని క్రింద అది ఎవరికి పనికివచ్చునో రెండు వాక్యాలు. రెండవదానిలో ఇంట కూర్చొని ఆన్‌లైనులో చదువుకొనే వసతులు. ఈ మాసము వంటల పుస్తకాలను గురించి వ్రాస్తామని మాట ఇచ్చి ఉన్నాము. ఆ సంగతి ప్రక్కన పెట్టినందుకు పాఠకురాండ్రు మన్నింతురుగాక.

మంచి జాబితా కట్టడము తేలిక పని కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో పాఠకుని కాలము ఆదా చేయవలెననేది ఒకటి. నేడు ఫోను ముట్టుకొంటే వేయి పుస్తకాల పేర్లు వచ్చి మీద పడతాయి. ఏది విడిచిపెట్టవచ్చునో చెప్పేవారే కరవు. ఈ జాబితాలో ఒక లావుపాటి పుస్తకము క్రింద “మొదటి మూడు అధ్యాయాలు చాలు” అని ఉన్నది. ఆ ఒక్క మాటకే ఆ లైబ్రేరియనుగారికి మేము మనసులో నమస్కరించాము.

రెండవ పుటలో మొదటి పేరు ఎన్-లిస్ట్. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారు నడిపే వసతి ఇది. కళాశాల ఏడాదికొక చందా కడితే, అక్కడి విద్యార్థులకు వేలకొలది పత్రికలు, లక్షలకొలది పుస్తకాలు తెరుచుకొంటాయి. కాని లోపలికి పోవడానికి వలసిన గుర్తింపు పేరు, రహస్యపదము లైబ్రరీ ద్వారా పుచ్చుకోవలెను. “పుచ్చుకొన్నావా అమ్మా?” అంటే ఆ పిల్ల తల వంచుకొన్నది. కౌంటరు దగ్గర కూర్చొనే ఆయనను అడగడానికి భయమట! మూడు సెమిస్టర్లు అట్లే గడిచిపోయినవి. అడగందే అమ్మయినా పెట్టదు గదా. తలిదండ్రులు ఈ పుట చదివిన సాయంకాలమే పిల్లలను ఈ ప్రశ్న వేయవలెనని మా మనవి.

తరువాతిది స్వయం. కేంద్ర ప్రభుత్వమువారు 2017లో ఆరంభించినది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు కూడా ఇందులో దొరుకుతాయి. వినడానికి రుసుము లేదు. పొరపాటు పడేది ఇక్కడనే. మా ఇంటి కుర్రవాడొకడు పన్నెండు వారాలు శ్రద్ధగా విని, రెండు నోటుపుస్తకాలు నింపి, తీరా పరీక్షకు వేరుగా పేరు నమోదు చేసుకొని రుసుము కట్టవలెనని గడువు దాటిన నాలుగు రోజులకు తెలుసుకొన్నాడు. చదువు వృథా కాలేదనుకోండి. యోగ్యతాపత్రము మాత్రము రాలేదు. ఇంకొక సంగతి. 2021 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరులోని పాఠ్యాంశాలలో 40 శాతము వరకు స్వయం ద్వారా చదవనిచ్చే వీలు కలదు. అయితే కళాశాల ఒప్పుకొన్న పాఠాలకే క్రెడిట్లు. ముందు అడిగి, తరువాత చేరడము మంచిది.

ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.వారు నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయము (2018లో జాతికి అంకితమైనది) కూడా జాబితాలో ఉన్నది. దీనికి కళాశాలలో పేరుండనక్కరలేదు. పింఛను పుచ్చుకొనే తాతగారు కూడా చేరవచ్చును.

అంతా బాగున్నది గాని, జాబితాలో తెలుగు లేదు. తప్పు పట్టము. ఆ కళాశాలలో తెలుగు శాఖయే లేదు. అందుచేత ఆ అమ్మాయి కాగితము వెనుక మేమే రెండు పేర్లు వ్రాసి ఇచ్చాము. ఒకటి బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. 1852 నాటి ఆ గ్రంథాన్ని షికాగో విశ్వవిద్యాలయమువారు ఉచితంగా వెదుక్కొనేందుకు వీలుగా ఉంచారు. రెండవది తెలుగు వికీమూలం. అచ్చుహక్కులు తీరిన పాత పుస్తకాలను అక్షరాలుగా ఎక్కించి పెట్టిన చోటు.

ఇచ్చామే గాని, మనసులో ఒక సంకోచము. పిల్లకు తెలుగు మాట్లాడడమే తెలుసు, చదవడము రాదు. వాళ్ళ అవ్వకు చదవడము వచ్చును, కన్ను ఆనదు. పది రోజుల తరువాత ఆమె తల్లి ఫోనులో చెప్పిన సంగతి వినండి. పిల్ల వికీమూలంలో వేమన పద్యాలు తీసి, అక్షరాలను గుమ్మడిగింజలంత చేసి అవ్వ ముందు పెట్టిందట. అవ్వకు ఆ పద్యాలు నోటికి వచ్చును. ఆమె చూడకుండానే చెప్పుకొంటూ పోతుంటే, పిల్ల ఆ మాట ఎక్కడున్నదో వ్రేలితో వెదకడము మొదలుపెట్టింది. ఇప్పటికి పదకొండు పద్యాలైనవి. వత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నదట. అవ్వ మాత్రము, వచ్చే నెల ఆసుపత్రికి పోయి కళ్ళజోడు మార్పించుకొంటానని పట్టుబట్టి కూర్చున్నదట.

మీ పిల్లల కళాశాలలలో ఇట్టి జాబితాలు వస్తే మాకొక ప్రతి పంపండి. వంటల పుస్తకాల సంగతి వచ్చే సంచికలో.