రెండో దారి కూడా ముందే చూసుకుందాం

శృంగవరపుకోటలో డిగ్రీ ముగించిన మన పిల్లల చూపు సహజంగానే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు వెళుతుంది. 1926లో వెలసిన ఆ విద్యాలయంలో సీటు కోరుకోవడం మంచిదే. అయితే పోటీ గట్టిది, సీట్లు కొన్నే. అక్కడ రాకపోతే ఏమిటన్న ప్రశ్న ఫలితాలు వచ్చాక కాదు, దరఖాస్తు నాడే వేసుకోవాలి.

2021 నుంచి రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. ఒకే ర్యాంకుతో ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికీ, అనుబంధ కళాశాలలకూ ఆప్షన్లు ఇవ్వవచ్చు. కోరిన చోటును మొదట రాసి, వెళ్ళి చదవగల మిగతా చోట్లను కింద చేర్చితే పోయేదేమీ లేదు. ఒక్కటే రాసి ఊరుకుంటేనే నష్టం. ఉపాధ్యాయ వృత్తి ఇష్టమైతే బీఈడీకి ఎడ్‌సెట్ వేరుగా రాయాలి. ఇల్లు కదలలేనివారికి ఇగ్నో దూరవిద్య ఉంది.

మగపిల్లవాడికి ఒక సంవత్సరం పోతే మరుసటి ఏడు రాస్తాడు. ఆడపిల్ల ఏడాది ఇంట్లో ఉంటే పెళ్ళి మాటలు మొదలై, చదువు అక్కడితో ఆగిపోవడం మనం చూస్తున్నదే. కనుక రెండో దారి అమ్మాయికి మరీ అవసరం. దానిని ఓటమిగా ఎంచవద్దు. దరఖాస్తు రుసుము కట్టే రోజునే తల్లిదండ్రులు కూతురితో కూర్చుని, ఆమె ఇష్టం అడిగి, రెండు మూడు చోట్లు రాసి పెట్టుకోవాలి.