సూదుల మార్పిడి

మత్తుమందుల పాలైనవారికి క్రొత్త సూదుల నిచ్చుట దుర్వ్యసనమునకు దోహదము చేయుటేయని కొందరు పెద్దలు వాదించుచున్నారు. వాదముకన్న సాక్ష్యము బలవత్తరము. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, సుమారు 4,000 మంది వసించు ఆస్టిన్ పట్టణ ప్రాంతమున, ఒకరు వాడిన సూదినే వేరొకరు వాడుటచే 2015లో బయల్పడిన హెచ్.ఐ.వి. తుదకు 200 మందికి పైగా సోకెను. అంతవరకు నచ్చట సూదుల మార్పిడి చట్టవిరుద్ధము. ఆ యేటనే ప్రభుత్వము నిషేధమును సడలించెను. పరీక్షలును, చికిత్సయు తోడుపడగా నంటు తగ్గుముఖము పట్టెను. అయినను 2021లో జిల్లా పాలకులు మువ్వురిలో నిరువురు ఆ కార్యక్రమమును నిలుపుటకే సమ్మతి నొసగిరి. సూది కరవైనచో వ్యసనము చావదు. పాత సూదియే చేతులు మారును. ఆ యంటు వ్యసనపరునితో నాగక ఇల్లాలిని, శిశువును గూడ చేరును. పాత సూదిని దెచ్చి యిచ్చువాడు వైద్యుని గడప త్రొక్కుచున్నాడు. ఆ తలుపు మూయుట నీతి గాదు.