రాయితీ దున్నేవాడి వెంట రావాలి

మేము భీమిలి, పద్మనాభం, ఆనందపురం మండలాల్లో కౌలుకు సేద్యం చేసేవాళ్ళం. మా మడుల యజమానులు చాలామంది విశాఖ నగరంలో ఉంటారు. దమ్ము, ఊడ్పు, కోత మావి, పాస్‌పుస్తకం వాళ్ళది. రైతు పేరున ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆ పుస్తకం ఉన్న ఇంటికే పోతోంది. అది సాగు చేసే చేతికి రావాలి. మేం సంఘంగా కూడింది అందుకే.

పీఎం కిసాన్ కింద 2019 నుంచి ఏటా 6,000 రూపాయలు ఇస్తున్నారు. సొంత భూమి లేని కౌలుదారుకు అందులో చోటే లేదు. రాష్ట్రం మరో 14,000 కలిపి, అన్నదాత సుఖీభవ పేరుతో 20,000 చేసింది. గుర్తింపు కార్డుంటే కౌలుదారుకూ ఇస్తామంటోంది. ఆ కార్డు దగ్గరే వస్తుంది చిక్కంతా. 2011 చట్టం యజమాని ఒప్పుకోలు అడగలేదు. 2019 చట్టం సంతకం కావాలంది, కార్డుకు 11 నెలలే ఆయుష్షు ఇచ్చింది. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో వాచ్‌మన్‌కు సంగతి చెప్పుకుని, లిఫ్టెక్కి, తెచ్చిన బీరకాయల సంచి గుమ్మంలో పెట్టి అడిగితే వినపడే మాట ఒకటే: "నీమీద నమ్మకం లేక కాదురా, కాగితాలెందుకూ మన మధ్య?" కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. అయినా భయం పోదు. కొందరికైతే భయం కూడా కాదు, ఆ పొలం మీద పంట రుణం అప్పటికే తీసేసుకుని ఉంటారు.

యూరియా సంగతి చూడండి. ఓడల్లో వచ్చి రేవుల్లో దిగే సరుకు కూడా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది. అసలు ధర దానికి ఎన్నో రెట్లు. తేడా కేంద్రం కంపెనీలకు కడుతుంది. ఆ రాయితీ బస్తాతోపాటే మడిలోకి వస్తుంది, భూమి ఎవరిదని అడగదు. (కొరత వచ్చిన రోజున మాత్రం పాస్‌పుస్తకం జిరాక్సు అడిగేవాళ్ళు పుట్టుకొస్తారు.) అలాగని అంతా ఎరువు మీదే ఇమ్మనం. చవక కదా అని యూరియా ఎక్కువ చల్లితే వరికి దోమపోటు పెరుగుతుంది.

మా పట్టు ఈ-పంట నమోదు మీద. పొలంలో ఎవరు సాగు చేస్తున్నారో చూసి, గ్రామసభలో చదివి వినిపించి, ఆ పేరే రాయాలి. పెట్టుబడి సాయం, నష్టపరిహారం, బీమా, ధాన్యం డబ్బు ఆ పేరున్న ఖాతాలోనే పడాలి. యజమాని సంతకం నిబంధన ఎత్తెయ్యాలి.

డబ్బు మాకు వస్తే కౌలు పెంచుతారని తెలుసు. అమెరికాలో 2014 దాకా పాత సాగు విస్తీర్ణం లెక్కన నేరుగా డబ్బిచ్చారు. అందులో కొంత కౌలు రేట్లలోకి ఎక్కి భూయజమానులకే చేరింది. అందుకే మాకు మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. తోటివాడు చేస్తున్న మడికి ఎక్కువ కౌలు ఇస్తానని మాలో ఎవరూ వెళ్ళకూడదు. వెళ్ళినవాడికి సంఘంలో చోటు లేదు, చుట్టమైనా సరే.

యజమానులతో మాకు తగువు లేదు. కార్డుకు సంతకం పెట్టినవారికి కౌలు గడువులోపే చెల్లిస్తాం, సంఘం పూచీ ఉంటుంది. పెట్టనివారి పొలాల్లో సాగు చేస్తున్నవారి జాబితా ఖరీఫ్ నమోదుకు ముందే తహసీల్దారుకు ఇచ్చి, రసీదు తీసుకుంటాం.