సెలవు కారణం: సినిమా

హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో సినిమా కోసం సెలవు కావాలంటే నాకు తెలిసిన కారణాలు మూడే. జ్వరం, బ్యాంకు పని, ఊళ్ళో పొలం రిజిస్ట్రేషను. పెద్ద హీరో సినిమా విడుదలయ్యే రోజున మా టీంలో సగం మందికి ఒకేసారి జ్వరం వచ్చేది. మేనేజరుకీ తెలుసు, మాకూ తెలుసు. అదో మర్యాద.

తర్వాత కొన్నాళ్ళు తిరువనంతపురం టెక్నోపార్కులో పని చేశాను. డిసెంబరులో మా పక్క సీటాయన వారం రోజులు సెలవు పెట్టాడు. "ఏం చేట్టా, శబరిమలకా?" అన్నాను (చేట్టన్ అంటే మన అన్న లెండి). "కాదు, ఫెస్టివల్‌కి" అన్నాడు. సెలవు దరఖాస్తులోనూ అదే రాశాడట! మేనేజరు ఏమీ అనలేదా అంటే, "ఏమంటాడు? ఆయనా అక్కడే ఉంటాడు" అన్నాడు.

సినిమా పిచ్చి మనకే ఎక్కువ అనుకునేవాణ్ణి. ఆ వారం చూశాక కాస్త తగ్గాను.

ఆ ఫెస్టివల్ పేరు ఐఎఫ్‌ఎఫ్‌కే, కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 1996లో కోళికోడ్‌లో మొదలైంది, ఇప్పుడు స్థిరంగా తిరువనంతపురంలోనే ఉంది. నడిపేది కేరళ చలచిత్ర అకాడమీ, అంటే ప్రభుత్వ సంస్థే. పోటీ విభాగంలోకి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలనే తీసుకుంటారు. ఉత్తమ చిత్రానికి సువర్ణ చకోరం ఇస్తారు. ప్రేక్షకులు ఓట్లేసి ఎంచుకునే సినిమాకి వేరే బహుమతి ఉంది. ఇదే అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకూ, లఘుచిత్రాలకూ ఇంకో పండగ చేస్తోంది. వెరసి ఏడాదికి రెండు పండగలు.

పొద్దున్నే టాగోర్ థియేటర్ దగ్గర క్యూ మొదలవుతుంది. కాలేజీ పిల్లలు, రిటైరైన మాష్టార్లు, మా బాపతు ఐడీ కార్డుల వాళ్ళు, అందరూ అదే లైనులో. వాళ్ళు చూడబోయేది ఏ ఇరాన్ వాడిదో, ఏ సెనెగల్ వాడిదో. హీరో ఎవడో తెలీదు, రేటింగు రాలేదు, ట్రైలరు కూడా చూసి ఉండరు. అయినా నిలబడతారు. సీటు దొరక్కపోతే చాలామంది మెట్ల మీద కూర్చుని చూస్తారు. రాత్రయితే నిశాగంధి ఆరుబయలు రంగస్థలంలో ఆకాశం కింద సినిమా. కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ 2013లో వస్తే, మనం స్టార్ హీరోకిచ్చే స్వాగతం ఇచ్చారు.

అసలు విషయానికొస్తే, నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది 2018. ఆ ఆగస్టులో కేరళ వరదల్లో మునిగింది. డబ్బంతా సహాయానికే వెళ్ళాలి కాబట్టి ఉత్సవాలకి ఖర్చు పెట్టలేమంది ప్రభుత్వం. న్యాయమే. పండగ ఆగిపోయినట్టే అనుకున్నారు. చివరికి ఒక రోజు తగ్గించి, డెలిగేట్ ఫీజు 2000 రూపాయలకి పెంచి, ఖర్చులు కత్తిరించి, డిసెంబరులో జరిపించారు. ఫీజు మీద గొణుక్కున్నవాళ్ళు ఉన్నారు, విద్యార్థులకి అది భారమే. కానీ జనం పాసు కొనకపోయుంటే ఆ ఏడాది పండగ లేదు. కోవిడ్ దెబ్బ తర్వాత 2021లో నాలుగు ఊళ్ళకి పంచి మరీ పెట్టారు.

ఇది ప్రభుత్వం తలుచుకుంటే ఒక్క రోజులో వచ్చేది కాదు. అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు అక్కడ చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టింది 1965లో. జాన్ అబ్రహాం బృందం ఊరూరా తిరిగి, జనం దగ్గర చందాలు పోగేసి 'అమ్మ అరియాన్' తీసింది 1986లో. అంటే పండగ పుట్టేసరికే 30 ఏళ్ళుగా చూసేవాళ్ళు తయారవుతూ ఉన్నారు.

ఇప్పుడు మన సంగతి. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాదులోనే జరిగింది. బాలల చిత్రోత్సవానికి చాలా ఏళ్ళు మన ఊరే వేదిక, 2017లో 20వది ఇక్కడే చేశారు. ఆ సినిమాలకి బస్సుల్లో వచ్చిన బడిపిల్లల్ని చూసే ఉంటారు. 2022లో చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. పండగ రాలేదని ఎవరైనా గొడవ చేశారా? మనకిష్టమైన హీరో సినిమా వారం వాయిదా పడితే ఎంత గొడవ చేస్తాం!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ లాంటివి దశాబ్దాల పాటు మంచి సినిమాలు చూపించాయి. లోటు చూపించేవాళ్ళది కాదు, కుర్చీల్లో కూర్చునే మనదే.

"ఓటీటీలో అన్నీ దొరుకుతుంటే క్యూలో నిలబడటమెందుకు" అంటాడు మా రూమ్మేటు. దొరుకుతాయి రా బాబూ, చూస్తున్నామా? నా వాచ్ లిస్టులో ఉన్న ప్రపంచ సినిమాల్ని పదో నిమిషంలో ఆపేసి ఫోను చూసుకున్నవాణ్ణి నేను. చీకటి హాల్లో, పక్కన 500 మంది ఊపిరి బిగబట్టి చూస్తుంటే, నెమ్మదిగా నడిచే సినిమా కూడా చేత్తో పట్టి కూర్చోబెడుతుంది. అది యాప్‌లో రాదు.

నా మటుకు నాకు అర్థమైంది ఇంతే. మన ప్రేమ సినిమా మీద కాదు, మన సినిమా మీద. తప్పు కాదు గానీ, దాంతో పండగలు నిలబడవు. తెలియని సినిమా కోసం ఒక సెలవు ఖర్చు పెట్టే కొన్ని వేలమంది ఉన్న ఊళ్ళోనే నిలబడతాయి. హైదరాబాదులో ఐటీ వాళ్ళం లక్షల్లో ఉన్నాం. జీతాలున్నాయి, సెలవులున్నాయి. అవి ఏడాది చివర్లో మురిగిపోతున్నాయి కూడా :)

కాబట్టి ఈసారి డిసెంబరులో ఒక్కసారి వెళ్ళి చూడండి. ముందు డెలిగేట్ పాసుకి నమోదు చేసుకోండి, తర్వాత సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు చూసుకోండి. స్వాములతో నిండిపోతుంది, ఆలస్యం చెయ్యకండి. దిగగానే తంపానూరులో స్టేషను దగ్గర్లోనే కైరళి, శ్రీ, నిళ థియేటర్లు, నడిచే పోవచ్చు. తిరిగొచ్చాక మన ఊళ్ళో ఏ చిన్న ఫిల్మ్ క్లబ్ ప్రదర్శన ఉన్నా వెళ్ళి కూర్చోండి. పదిమందే ఉన్నా సరే.

సెలవు కారణం దగ్గర మాత్రం జ్వరం అని రాయకండి.