తుపాకి యెవరి చేత నుండవలెను?

పోలీసులను నమ్మరాదు గావున ప్రతి గృహస్థునకును తుపాకి యుండవలెనని కొందఱు వాదించుచున్నారు. మన కొండాపూరు, సంగారెడ్డి ప్రాంతములు నిజాము యేలుబడిలో నున్ననాఁడు ఆయుధములు పట్టిన రజాకార్లు పౌరులు గారా? 1948 ఆగస్టు 27న వారు భైరాన్‌పల్లిపైఁ బడినపుడు నిజాము పోలీసులును వారి ప్రక్కనే నిలిచిరి. వారి నాయకుఁడు కాశీం రజ్వీ న్యాయస్థానపు మెట్లెక్కుటకు ఆ ప్రభుత్వమే కూలవలసి వచ్చెను!

పోలీసులు నిర్దోషులని నే ననను. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి యొద్ద నలుగురు నిందితులను వారు కాల్చి చంపఁగా జనులు పూలు చల్లిరి. అయినను సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, చంపు తలంపుతోనే కాల్చిరని 2022లో తేల్చి, పదుగురిపై హత్యానేర విచారణ జరుపవలె ననెను. లైసెన్సుకై తొందరపడు మహాశయులు ఆ విచారణకై యేల పట్టుపట్టరు?