ఆమేన్ అనడం వరకేనా మన వంతు?

మా చిన్నక్కకి ఎడమ చెవి వినపడదు. ఐదేళ్ళ కిందట ఒక రాత్రి బావ కొట్టిన దెబ్బకి కర్ణభేరి చిల్లు పడింది. ఆ సంగతి రెండేళ్ళ దాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఒకసారి తన ఎడమ పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే మాటిమాటికీ తల తిప్పి కుడిచెవి పెట్టడం చూసి అడిగాను. "ఏమీ లేదు చిన్నీ, స్వస్థత పొందుకున్నాను" అంది. పొందుకున్నానట. భూతకాలం. నేను తెలుగు పాఠాలు చెప్పుకు బతికేదాన్ని కాబట్టి ముందు ఆ క్రియ దగ్గరే ఆగిపోయాను. చెవి బాగుపడలేదు గానీ వాక్యం బాగుపడింది.

తవ్వగా తవ్వగా తెలిసింది. వాళ్ళ ప్రార్థనా మందిరంలో అయ్యగారు నేర్పిన పాఠం ఇది: సమస్యని నోటితో పలికితే సమస్యకి బలం వస్తుంది, విశ్వాసాన్ని పలికితే విశ్వాసానికి బలం వస్తుంది. అందుకని అక్క రోజూ పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి "నా భర్త దైవభయం గల మనిషి, నా ఇల్లు సమాధాన గృహం" అని బిగ్గరగా ఏడుసార్లు పలికేది. చెంప వాచిన రోజున కూడా. ఆ రోజుల్లో ఇంకా గట్టిగా పలికేదట. పక్క వాటాలో వాళ్ళకి ఆమె ప్రకటన వినిపించేది. రాత్రి ఏం జరిగిందో కూడా వాళ్ళకి వినిపించే ఉంటుంది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఇదంతా రాస్తానంటే అక్క ఒక పూటంతా ఆలోచించి, "నా పేరొద్దు, చర్చి పేరొద్దు, మిగతాది రాయి" అంది. కాబట్టి పేర్లుండవు. అయినా ఇది ఒక మందిరం సంగతైతే ఇంత సిరా ఎందుకు?

మాటకి శక్తి ఉందన్న నమ్మకం క్రైస్తవానికి పరాయిదేమీ కాదు. ఆదికాండంలో సృష్టి మొదలయ్యిందే పలుకుతో. యోహాను సువార్త మొదలయ్యేదీ వాక్యంతోనే. నేను వెళ్ళగొట్టాలనుకుంటున్నది ఈ నమ్మకాన్ని కాదు. దేవుడు మాటతో సృష్టించాడు, మనం ఆయన పోలికలో ఉన్నాం, కాబట్టి మన మాట కూడా ఆరోగ్యాన్నీ ఐశ్వర్యాన్నీ సృష్టిస్తుందని లాక్కొచ్చిన లెక్క ఉందే, దాని వయసు నిండా నూటయాభై ఏళ్ళు లేవు. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867-1948) రాతల్లో మొలకెత్తి, కెన్నెత్ హేగిన్ (1917-2003) ప్రసంగాలతో ఉద్యమమయింది. క్యాసెట్లలో, టీవీల్లో, ఇప్పుడు అరచేతిలో ఫోనులో మన పేటల దాకా వచ్చింది. దీని ప్రకారం రోగం ఉందని చెప్పడం రోగాన్ని ఒప్పుకోవడం. ఒప్పుకుంటే అది మనదైపోతుంది. అక్క వెళ్ళే మందిరంలోనే ఒకావిడ రొమ్ములో గడ్డని ఏడాదిపాటు ఇలాగే ఒప్పుకోకుండా ఉంది. ఆవిడ ఇప్పుడు లేదు.

ఈ బోధ ఇక్కడ ఇంత తేలిగ్గా ఎందుకు నాటుకుందంటే, నేల ముందే దున్ని ఉంది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అశుభం పలక్కు అని మతంతో పనిలేకుండా తెలుగిళ్ళన్నిటా ఆడపిల్లల నోళ్ళు మూస్తూనే వచ్చారు. వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. కానీ ఒక తేడా చూడండి. "బియ్యం నిండుకున్నాయి" అని ఇల్లాలు అంటే ఇంట్లో అందరికీ అర్థమయ్యేది డబ్బా ఖాళీ అనే. ఎవరో ఒకరు సంచి పట్టుకుని బజారుకి వెళ్ళాల్సిందే. మాట మారింది గానీ అవసరం దాగలేదు. కొత్త బోధలో డబ్బా నిండిందని పలికి, నిండిందని నమ్మి, నిండలేదేమని అడిగిన వాళ్ళని అవిశ్వాసులనాలి. మన అమ్మమ్మల శుభం పలకడానికీ దీనికీ మధ్య ఉన్న దూరం ఆ సంచీయే.

అక్క ఫ్రిజ్ మీద ఒక స్టిక్కరుంది. సామెతలు 18:21. నాలుకకి బతికించే శక్తీ చంపే శక్తీ ఉన్నాయని చెప్పే వచనం. ఈ బోధకులందరికీ కంఠతా వచ్చేది ఇదే. ఆ అధ్యాయాన్నే నాలుగు వచనాలు వెనక్కి వెళ్ళి చదవమనండి. మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా కనిపిస్తుంది, ఎదుటి పక్షం వచ్చి ప్రశ్నించే దాకా, అని పదిహేడో వచనం చెబుతుంది. పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేవాడికి అది బుద్ధిహీనత, అవమానం అని పదమూడో వచనం. అక్క నోరు తెరిచీ తెరవక ముందే "అమ్మా, ఆ మాట పలకొద్దు" అన్న అయ్యగారికి ఈ రెండు వచనాలూ ఎప్పుడూ ఎదురుపడలేదా? స్టిక్కర్లు అచ్చు వేసేవాళ్ళకి పదమూడు, పదిహేడు ఎందుకు కనిపించలేదు?

స్త్రీల కూడికల్లో జరిగేదీ ఇదే. సామెతలు ముప్పయ్యొకటో అధ్యాయమంటే గుణవతి అయిన భార్య. తెల్లవారకముందే లేచి, నూలు వడికి, పొలం కొని, అందరికీ అన్నం పెట్టే ఆ ఇల్లాలి గురించి నేను చిన్నప్పటి నుంచీ విన్న ప్రసంగాలకి లెక్క లేదు. ఆ భాగం పదో వచనంలో మొదలవుతుంది. అంతకు ముందున్నదేమిటి? ఒక తల్లి రాజైన తన కొడుక్కి చెప్పిన మాటలు. మూగవాళ్ళ తరపున నోరు తెరువు, దిక్కులేనివాళ్ళకి న్యాయం జరిగేలా మాట్లాడు అని ఆ తల్లి ఆజ్ఞాపిస్తుంది, ఎనిమిదిలో, తొమ్మిదిలో. ఒక ఆడమనిషి నోటి నుంచి వచ్చిన ఉపదేశాన్ని దాటేసి, ఆడమనిషి పనిపాటల జాబితా దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టడం అలవాటయింది. ఇది పొరపాటున జరిగేది కాదని నా అభిప్రాయం.

సంఖ్యాకాండం ఐదో అధ్యాయం మాత్రం ఎవరూ ప్రసంగించరు. భార్య మీద అనుమానం వచ్చిన భర్త ఆమెను యాజకుడి దగ్గరికి తీసుకెళ్తాడు. యాజకుడు శాపం పలుకుతాడు, దాన్ని రాస్తాడు, ఆ రాతని చేదు నీళ్ళలో కడిగి ఆమె చేత తాగిస్తాడు. ఆ తతంగమంతటిలో ఆమెకి దక్కిన మాట ఒక్కటే, ఆమేన్. రెండుసార్లు. అనుమానం అతనిది, శాపం ఇంకొకతనిది, ఆమేన్ ఆమెది. మన మందిరాల్లో ఆడవాళ్ళ పక్క నుంచి వచ్చే ఆ పెద్ద ఆమేన్ విన్నప్పుడల్లా నాకు ఆ చేదు నీళ్ళే గుర్తొస్తాయి.

కానీ అదే గ్రంథంలో, అదే సంఖ్యాకాండం ఇరవై ఏడులో, సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు సమాజమంతటి ముందూ నిలబడి మా తండ్రి ఆస్తి మాకెందుకు రాదని అడిగారు. వాళ్ళు చెప్పింది సబబేనని దేవుడు మోషేకి చెప్పాడు, చట్టం మారింది. హన్నా పెదవులు కదిలిస్తే యాజకుడు తాగి ఉందనుకున్నాడు, ఆమె అతన్ని సరిదిద్దింది. మార్కు ఏడులో సురోఫెనికయ స్త్రీ ఏసుకే ఎదురు చెప్పింది. నీవన్న ఈ మాటను బట్టి వెళ్ళు, నీ కూతురు బాగుపడిందన్నాడాయన. గమనించండి, అక్కడ పనిచేసిన పలుకు "అంతా బాగుంది" అన్న ప్రకటన కాదు. పిల్లకి బాగాలేదు, రొట్టె ముక్కయినా ఇవ్వాల్సిందే అన్న వాదన. యోబు తను పుట్టిన దినాన్నే శపించాడు. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, సరైన వేదాంతం చెప్పిన అతని స్నేహితుల మీద. కెన్యన్ లెక్కలో యోబుకి మార్కులు రావు.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. కూలికెళ్ళేది. కొలత తక్కువ పెట్టిన రైతు గుమ్మం ముందు నిలబడి "నీ చేతులు పడిపోను, నీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకుండా పోను" అని మట్టెత్తి పోసేది. ఆమె దగ్గర కోర్టు లేదు, కత్తి లేదు, ఉన్నది ఆ నోరే. వీధిలో అందరూ విన్నాక కొన్నిసార్లు ఆ కొలత సరిచేసేవాడట. సంఘ పెద్దలు ఆమెకి నాలుకని అదుపులో పెట్టుకోమని యాకోబు పత్రిక మూడో అధ్యాయం చదివి వినిపించారు. మానేసింది. దావీదు పేరున్న 109వ కీర్తనలో శత్రువు పిల్లలు బిచ్చమెత్తాలని, అతని పేరు తుడిచిపెట్టుకుపోవాలని ఉంటుంది. రాజు శపిస్తే అది ఆరాధన పుస్తకంలో చేరింది, కూలిమనిషి శపిస్తే గయ్యాళితనమైంది. అయితే నిజాయితీగా ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. అదే సంఘం ఆమెని శుక్రవారం కూటంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పమంది. ఊళ్ళో ఏ రచ్చబండ దగ్గరా నిలబడి మాట్లాడే హక్కు లేని మనిషి మొట్టమొదటిసారి యాభైమంది ముందు "నేను" అని వాక్యం మొదలుపెట్టింది అక్కడే. అంతకు ముందు తరాల్లో దళిత కులాల ఆడవాళ్ళెందరో బైబిల్ స్త్రీలుగా ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించారు. వాళ్ళ మీద జేమ్స్ ఎలీషా తానేటి పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. అందుకే, "ఆ చర్చి మానేస్తే పీడా పోతుంది కదా" అని సలహా ఇచ్చే స్త్రీవాద మిత్రులతో నాకు పేచీ. మా వాడల్లో ఆడవాళ్ళకి మైకు ఇచ్చిన చోటు అది. మీ సభలు అప్పటికి మా దాకా రాలేదు.

మాటకి బలం మాటలోనే ఉండదు, పలికేవాడికి సమాజం ఇచ్చిన అధికారంలో ఉంటుందని బోర్దియో అంటాడు. ఆస్టిన్ 1962 పుస్తకం మీద అతని విమర్శ అదే. పుస్తకాలు చదవకుండానే అక్కకి ఇది తెలుసు. బావ "నువ్వు గొడ్రాలివి" అని పదేళ్ళు పలికాడు. ఆ పలుకుని ఎవరూ ఒప్పుకోలు అనలేదు, ఆ నాలుకకి ఎవరూ స్టిక్కరు అంటించలేదు. 2005 గృహహింస చట్టం మూడో సెక్షను, మాటలతో పెట్టే బాధని హింసగా గుర్తించింది. పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని అవమానించడాన్ని పేరు పెట్టి చెప్పింది. మాటలో మరణముందని ప్రతి ఆదివారం చెప్పే మందిరం గుర్తించనిది పార్లమెంటు గుర్తించింది. ఆ పార్లమెంటుని మరీ మెచ్చుకోనక్కర్లేదు లెండి. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటే చాలు, భార్యకి భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో వదిలేయడమో కూడా రుజువు కావాలి. ఒట్టి క్రూరత్వం చాలదన్న ఆ నియమాన్ని 2001లో గానీ మార్చలేదు.

ఆడవాళ్ళు సంఘంలో మౌనంగా ఉండాలన్న కొరింథీ పత్రిక పద్నాలుగో అధ్యాయం ఇంకా తెస్తారు. అదే పత్రిక పదకొండో అధ్యాయంలో స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం మామూలు విషయంగా కనిపిస్తాయని చెబితే తల మీద ముసుగు గురించి మాత్రం వింటారు. దక్షిణ ఇండియా సంఘంలో 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు మొదటి మహిళా బిషప్ అయ్యారు. 1947లో పుట్టిన సంఘానికి అరవై ఆరేళ్ళు పట్టింది. ఖాళీ సమాధి వార్త తెచ్చిన ఆడవాళ్ళ మాటలు శిష్యులకి వెర్రిమాటలుగా తోచాయని లూకా దాచకుండా రాశాడు. మన బోధకులకి ఆ మాత్రం సిగ్గయినా ఉంటే బాగుండును.

పాస్టర్లని నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి నోరు తెరిస్తే దాన్ని సాక్ష్యమనండి. తెలుగులో మందిరానికీ కోర్టుకీ ఒకటే మాట ఉంది, ఎందుకు దాన్ని సగానికి కోస్తారు? స్త్రీల కూడికలో ముప్పయ్యొకటో అధ్యాయం ఎనిమిదో వచనం నుంచి చదవండి. "ఆ మాట పలకొద్దు" అని చెప్పదలిస్తే బావలాంటి వాళ్ళకి చెప్పండి.

అక్క ఇప్పటికీ చర్చికి వెళ్తోంది, వేరే దానికి. పోయిన శ్రావణంలో తనతో పాటు రక్షణాధికారి ఆఫీసుకి వెళ్ళాను. కుడిపక్కన కూర్చోమంది. ఆ అధికారిణి కాగితం తీసి, ఒక పేజీ రాసి, మర్యాదగానే "ఇక చాలమ్మా, సంతకం పెట్టండి" అంది. అక్క కలం తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఇంకా ఉందండీ, రాసుకోండి" అంది.